నలభై రెండో రోజు సంగతి

“హిప్నాటిజం చేయిస్తే సిగరెట్టు మీద విరక్తి పుట్టి మానేస్తారంట, నిజమేనా డాక్టరు గారూ?” బందరులోనైనా గుడివాడలోనైనా ఛాతీ వైద్యుల గదుల్లో ఈ ప్రశ్న వినబడుతూనే ఉంటుంది. అడిగేది చాలాసార్లు పొగతాగే మనిషి కాదు, పక్క కుర్చీలో కూర్చున్న ఆయన భార్య. ఆమె ఒట్లు వేయించింది, పిల్లల చేత చెప్పించింది, అలిగింది, పెట్టెలు దాచింది, పారేసింది. ఇంకేదైనా దారి మిగిలిందా అని అడుగుతోంది. ఆమెకు పూర్తి జవాబు చెప్పాలి. “ఏమో, చేయించి చూడండి” అనో, “అదంతా బోగస్” అనో తేల్చేస్తే సరిపోదు.

తెలుగువాళ్లలో చాలామంది హిప్నాటిజాన్ని మొదట చూసింది వేదికల మీద. ఇంద్రజాలికుడిగా, హిప్నాటిస్టుగా మొదలై, తర్వాత మనస్తత్వ నిపుణుడిగా, రచయితగా ఇంటింటికీ తెలిసిన బి.వి. పట్టాభిరామ్ 2025 జూన్ 30న కన్నుమూశారు. ఆయన పేరు వినగానే హిప్నాటిజం గుర్తొచ్చే తరం ఇప్పుడు యాభై దాటింది. ఇలాంటి ప్రదర్శనల్లో వేదిక ఎక్కిన కుర్రాడు ఉల్లిపాయను యాపిల్ అనుకుని కొరికి తినడం చూసినవాళ్లకు, అదే చేత్తో సిగరెట్టును చేదు చేసెయ్యొచ్చు కదా అనిపించడం సహజం. అయితే ఆ కుర్రాడు వేదిక దిగాక ఇంట్లో ఉల్లిపాయలు యాపిల్ పళ్లలా తింటూ కూర్చోడు. ప్రదర్శనకూ చికిత్సకూ తేడా అక్కడే ఉంది. వేదిక మీద పది నిమిషాలు నిలిస్తే చాలు. పొగ మానినవాడికి ఏడాది నిలవాలి.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. హిప్నోథెరపీ బూటకం కాదు. మానాలని గట్టిగా అనుకున్న మనిషికి అది ఆసరా కాగలదు. కానీ అంతే సమయం వెచ్చించి శ్రద్ధగా చేసే మామూలు కౌన్సెలింగ్ కన్నా అది గొప్పదని ఇప్పటిదాకా రుజువు కాలేదు. మన ప్రాంతంలో అసలు కొరత మానిపించేవాళ్లది కాదు, మానిన తర్వాత వెంట ఉండేవాళ్లది.

కృష్ణా దిగువ డెల్టాకు పొగాకుతో పాత సంబంధం ఉంది. కృష్ణా గోదావరి లంకల్లో పండిన ఆకు చుట్టలకు పేరుపడింది. మసూలిపట్నం పేరు పెట్టుకుని ముక్కుపొడుం 19వ శతాబ్దంలో ఇంగ్లండు దుకాణాల దాకా వెళ్లింది. పొద్దున్నే చుట్ట అంటిస్తే గాని కడుపు కదలదని చెప్పే పెద్దలు దివిసీమ ఊళ్లలో ఇప్పటికీ ఉన్నారు. ఆ తర్వాత చుట్ట పక్కకు తప్పుకుని బీడీ, సిగరెట్టు వచ్చాయి. గిలకలదిండి నుంచి వేటకు పోయే బోటులో బీడీ కట్టనూ అగ్గిపెట్టెనూ తడవకుండా ప్లాస్టిక్ కవర్లో మూడు చుట్లు చుట్టి పెట్టుకుంటారు. నాగాయలంక, కృత్తివెన్ను వైపు రొయ్యల చెరువుల దగ్గర కాపలా మనిషికి రాత్రంతా ఏరేటర్ల చప్పుడు మీదే ధ్యాస. నీళ్లలో ఆక్సిజన్ తెల్లవారుజామున బాగా పడిపోతుంది. ఆ వేళ కరెంటు పోయి జనరేటరు వేయడం ఆలస్యమైతే యజమాని పెట్టుబడి తెల్లారేసరికి నీటి మీద తేలుతుంది. ఆ నిద్రను, ఆ భయాన్ని అతను సిగరెట్టుతో ఆపుకుంటాడు. అవనిగడ్డలో డీఎస్సీ కోచింగు కోసం గదులు తీసుకుని ఉండే కుర్రాళ్లకు టీ కొట్టు దగ్గర తాగే ఒక్క సిగరెట్టే చదువు మధ్య విరామం.

ఇవన్నీ ఎందుకు చెబుతున్నానంటే, మానిపించే పద్ధతి ఏదైనా చివరికి ఈ చెరువు గట్టు మీద, ఈ టీ కొట్టు ముందు నిలబడాలి. క్లినిక్కులో ఏసీ గదిలో నిలబడితే చాలదు.

దేశవ్యాప్తంగా 2016-17లో జరిగిన పొగాకు సర్వేలో పెద్దవాళ్లలో 28.6 శాతం ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతున్నట్టు, 10.7 శాతం పొగతాగుతున్నట్టు తేలింది. బీడీ తాగేవాళ్లు 7.7 శాతం, సిగరెట్టు తాగేవాళ్లు 4 శాతం. పొగతాగేవాళ్లలో సగానికి పైగా మానే ఆలోచన ఉందన్నారు. ప్రభాత్ ఝా బృందం 2008లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం మన దేశంలో సిగరెట్టు తాగే మగవాళ్ల ఆయుష్షు సుమారు 10 ఏళ్లు, బీడీ తాగే మగవాళ్ల ఆయుష్షు సుమారు 6 ఏళ్లు, బీడీ తాగే ఆడవాళ్ల ఆయుష్షు సుమారు 8 ఏళ్లు తగ్గిపోతోంది. బీడీ తేలిక అనుకునేవాళ్లు ఆ అంకెలు చూడాలి.

పొగ లాగిన 10 నుంచి 20 సెకన్లలో నికోటిన్ మెదడుకు చేరుతుంది. రక్తంలో అది దాదాపు రెండు గంటలకు సగమవుతుంది. అందుకే గంటకో రెండు గంటలకో చెయ్యి దానంతటదే జేబులోకి పోతుంది. మానేసిన మొదటి రెండు మూడు రోజులు చిరాకు, తలనొప్పి, నిద్ర పట్టకపోవడం ముదురుతాయి. మూడు నాలుగు వారాలకు చాలావరకు సర్దుకుంటాయి. అంటే శరీరం పెట్టే పేచీ నెల రోజుల్లో తీరిపోతుంది. ఆ తర్వాత మిగిలేవి భోజనం అయ్యాక వచ్చే ఐదు నిమిషాలు, కోపం వచ్చిన క్షణం, పెళ్లి ఇంట్లో పాత స్నేహితుడు చాపిన పెట్టె. హిప్నోథెరపీ ఏమైనా చేయగలిగితే ఇక్కడే చేయాలి.

అసలు ఆ గదిలో ఏం జరుగుతుంది? మంచి నిపుణుల దగ్గర మొదటి సిట్టింగులో చాలాసేపు మాటలే. రోజుకు ఎన్ని కాలుస్తారు? నిద్ర లేచిన ఎంతసేపటికి మొదటిది వెలిగిస్తారు? అరగంట లోపే అయితే నికోటిన్ పట్టు గట్టిదని లెక్క. రోజు మొత్తంలో వదులుకోలేని సిగరెట్టు ఏది? గతంలో మానినప్పుడు మళ్లీ ఎక్కడ, ఎవరి దగ్గర మొదలైంది? ఎందుకు మానాలనుకుంటున్నారు, అది మీ మాటా, మీ ఆవిడ మాటా? ఈ చివరి ప్రశ్న అడగని చోట డబ్బు కట్టొద్దని నా సలహా.

తర్వాత ఆ మనిషిని కుర్చీలో వెనక్కి వాలి కూర్చోమంటారు. ఎదుట గోడ మీద ఒక చుక్కనో, పైకెత్తి పట్టుకున్న పెన్ను కొననో చూడమంటారు. ఊపిరి నెమ్మదిగా వదలమంటారు. రెప్పలు బరువెక్కుతున్నాయని, భుజాలు వదులవుతున్నాయని ఒకే స్థాయి గొంతుతో చెబుతూ పోతారు. ఇరవై నుంచి కిందికి లెక్కిస్తారు, లేదా మెట్లు దిగుతున్నట్టు ఊహించుకోమంటారు. తెలివైన నిపుణుడు ఆ మెట్లను ఎక్కడినుంచో తెచ్చిపెట్టడు. ఎదుటి మనిషి ఊరి రేవు మెట్లే దింపుతాడు. మనసు ఒక్కచోట కుదురుకున్నాక అసలు మాటలు మొదలవుతాయి. “తెల్లవారుజాము మూడయింది. గట్టు మీద ఉన్నారు. ఏరేటర్లు తిరుగుతున్నాయి. చెయ్యి జేబు వైపు వెళ్లింది. ఆగింది. నీళ్ల బాటిల్ అందుకుంది. నాలుగు గుక్కలు తాగారు. గుండెల నిండా గాలి పీల్చారు. గాలి చల్లగా, శుభ్రంగా ఉంది.” ఇలా రాబోయే ఘడియను ముందుగానే మనసులో నడిపించి చూపిస్తారు. కొందరు పొగ వాసనను కుళ్లు వాసనతో ముడిపెట్టి అసహ్యం పుట్టించాలని చూస్తారు. అసహ్యం త్వరగా పాతబడుతుందని, రేపటి రిహార్సలే ఎక్కువ పనికొస్తుందని నాకనిపిస్తుంది. చివరికి అదే పని ఇంట్లో తనంతట తాను పది నిమిషాలు చేసుకోవడం నేర్పి పంపుతారు.

ఇదంతా జరుగుతున్నంతసేపూ ఆ మనిషి నిద్రపోడు. ఫ్యాను చప్పుడు, రోడ్డు మీద ఆటో హారన్ వినబడుతూనే ఉంటాయి. నచ్చకపోతే లేచి వెళ్లిపోగలడు. తనకు ఇష్టం లేని పని అతని చేత ఎవరూ చేయించలేరు. కాబట్టి భర్తకు తెలియకుండా, ఇష్టం లేకుండా హిప్నాటిజం చేయించి మానిపిద్దామనుకునే ఇల్లాలికి ఆ దారి లేదని చెప్పక తప్పదు. పైగా ఈ స్థితిలోకి వెళ్లే స్వభావం అందరికీ ఒకేలా ఉండదు. 1959లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు దీన్ని కొలిచే పరీక్షలు తయారుచేశారు. చాలా తేలిగ్గా లోనయ్యేవాళ్లు కొద్దిమంది, దాదాపు లోనుకానివాళ్లు కొద్దిమంది, మిగతా జనమంతా ఆ మధ్యలో ఉంటారు.

మనసుకు చెప్పే మాట శరీరాన్ని ఎంత దూరం కదిలిస్తుందనడానికి పాత సాక్ష్యం మన దేశంలోనే ఉంది. 1845లో బెంగాల్లోని హుగ్లీలో జేమ్స్ ఎస్డెయిల్ అనే స్కాటిష్ సర్జన్, మత్తుమందు లేని రోజుల్లో, రోగులను ఇలాంటి స్థితిలోకి పంపి బోద జబ్బు వల్ల పెరిగిన పెద్ద పెద్ద కణితులు కోసి తీశాడు. మరుసటి ఏడాది కలకత్తాలో అతనికి ఇందుకోసమే ఆసుపత్రి ఇచ్చారు. అదే ఏడాది ఈథర్ మత్తు ప్రపంచానికి తెలిసింది, ఎస్డెయిల్ పద్ధతి వెనకబడింది. మన కాలంలో మాంచెస్టర్‌కు చెందిన పీటర్ వోర్వెల్, ఊరికే కడుపునొప్పి, విరేచనాలతో బాధపడే పేగు జబ్బువాళ్లకు హిప్నోథెరపీ మేలు చేస్తుందని 1984లో చూపించాడు. మందులకు లొంగని అలాంటి కేసులకు బ్రిటన్ వైద్య మార్గదర్శకాలు దాన్ని ఇప్పటికీ ఒక మార్గంగా చెబుతాయి. కాబట్టి తీసిపారేయాల్సిన విషయం కాదు. కానీ పేగుకు పనిచేసింది పొగకూ పనిచేస్తుందని రాసిచ్చినవాళ్లు లేరు. దాన్ని విడిగా పరీక్షించాలి, పరీక్షించారు కూడా.

ఇక్కడ కాస్త నెమ్మదిగా నడవాలి. ప్రకటనల్లో కనిపించే అంకెలన్నీ ఇక్కడినుంచే వస్తాయి.

న్యూయార్క్ సైకియాట్రిస్టు హెర్బర్ట్ స్పీగెల్ 1970లో ఒకే సిట్టింగు పద్ధతిని ప్రచురించాడు. పొగ నీ ఒంటికి విషం, బతకాలంటే ఆ ఒళ్లే కావాలి, దాన్ని కాపాడే పూచీ నీదే అన్న మూడు ఆలోచనలను రోగి మనసులో నాటి, రోజూ తనకు తానే చెప్పుకోమనేవాడు. 615 మందికి అలా చేస్తే ఆరు నెలలకు మానేసి ఉన్నట్టు తెలిసినవాళ్లు 20 శాతం. ఆయన తన ఫలితాన్ని పెంచి చెప్పలేదు. ఉత్తరానికి జవాబివ్వనివాళ్లను మళ్లీ మొదలుపెట్టినవాళ్లుగానే లెక్కవేశాడు. ఆ నిజాయితీ తర్వాత వచ్చిన ఎన్నో ప్రకటనల్లో కనబడదు.

1992లో అయోవా విశ్వవిద్యాలయం నుంచి ఒక పెద్ద సంకలనం వచ్చింది. 600కు పైగా అధ్యయనాలు, 70 వేలకు పైగా పొగతాగేవాళ్లు. అందులో హిప్నాటిజం పై వరసలో నిలిచింది. అప్పటినుంచి “అన్నిటికన్నా మిన్న హిప్నాటిజమే అని సైన్సు తేల్చింది” అనే మాట ఊరేగుతోంది. ఆ సంకలనంలోని అధ్యయనాల్లో చాలావాటిలో పోల్చి చూసే రెండో గుంపే లేదు. మానేశానని రోగి నోటితో చెప్పిందే లెక్క. హిప్నాటిజానికి సొంత డబ్బు కట్టి వచ్చేవాడు ముందే సగం సిద్ధపడి వచ్చినవాడు. అతన్నీ, డాక్టరు బలవంతం మీద సలహా విన్నవాణ్నీ ఒకే తక్కెడలో తూయకూడదు.

ఇంకా ఎక్కువగా వినబడేది 90.6 శాతం అనే అంకె. అది 2001లో అమెరికాలో జోసెఫ్ బార్బర్ ప్రచురించిన నివేదికలోది. ఆయన చూసింది 43 మందిని. అందులో 39 మంది మానేశారు. పైగా ఆయన చేసింది ఒక్క హిప్నాటిజమే కాదు, వెగటు పుట్టేదాకా గబగబా పొగ తాగించే మరో పద్ధతిని కూడా కలిపాడు. పోల్చడానికి ఇంకో గుంపు లేదు. ఒక మంచి వైద్యుడి దగ్గర జరిగిన మంచి అనుభవంగా దాన్ని గౌరవించాలి. విజయవాడ నుంచి వెలువడే కరపత్రంలో హామీగా అచ్చయితే మాత్రం నమ్మకూడదు.

సరైన పరీక్ష ఎలా ఉంటుందో చూడాలంటే శాన్‌ఫ్రాన్సిస్కోలో కార్మొడీ బృందం 2008లో ప్రచురించినది చూడాలి. 286 మందిని చీటీ తీసినట్టు రెండు గుంపులు చేశారు. రెండు గుంపులకూ నికోటిన్ పట్టీలు ఇచ్చారు. ఒక గుంపుకు హిప్నాటిజం, రెండో గుంపుకు అంతే సమయం కౌన్సెలింగ్. నోటిమాటను నమ్మకుండా పరీక్షతోనో, దగ్గరివాళ్ల సాక్ష్యంతోనో నిర్ధారిస్తే, ఆరు నెలలకు హిప్నాటిజం గుంపులో 26 శాతం, కౌన్సెలింగ్ గుంపులో 18 శాతం మానేసి ఉన్నారు. ఏడాదికి అవి 20, 14 శాతాలకు దిగాయి. మొగ్గు హిప్నాటిజం వైపే ఉంది. కానీ ఇంత చిన్న గుంపులో ఆ తేడా యాదృచ్ఛికంగానూ రావచ్చు. 2013లో జ్యూరిక్ పరిశోధకులు 223 మందితో చేసిన పరీక్షలో, ఒకే సిట్టింగులో గుంపుగా కూర్చోబెట్టి హిప్నాటిజం చేసినవాళ్లలో ఆరు నెలలకు 14.7 శాతం, ఊరికే ఒళ్లు వదులు చేసే వ్యాయామం నేర్చుకున్నవాళ్లలో 17.8 శాతం మానేశారు. అక్కడ మొగ్గు తిరగబడింది. ఫంక్షన్ హాలులో వందమందిని కూర్చోబెట్టి ఒక్క పూటలో మానిపిస్తామనేవాళ్లకు జ్యూరిక్ అంకెలు చూపించాలి.

ఇలాంటివన్నీ కలిపి తూచిన కోక్రేన్ సమీక్ష 2019లో వచ్చింది. 14 అధ్యయనాలు, 1,926 మంది. మిగతా కౌన్సెలింగ్ పద్ధతుల కన్నా, తనంతట తాను మానడం కన్నా హిప్నోథెరపీ మెరుగని చెప్పడానికి ఆధారం చాలదని తేల్చింది. పనిచేయదని రుజువైనట్టు కాదు ఇది. లాభం ఉన్నా అది చిన్నదేనన్నమాట.

ఏ సాయమూ లేకుండా మానాలని చూసిన 100 మందిలో ఏడాదికి మానేసి ఉండేది ముగ్గురో ఐదుగురో. ఈ లెక్కతో పోల్చి చూస్తే కార్మొడీ చెప్పిన 14 శాతం కూడా తక్కువేమీ కాదు. అక్కడ పట్టీ ఉంది, మాట్లాడే మనిషి ఉన్నాడు, తిరిగి అడిగే ఫోను ఉంది. పైకి హిప్నాటిజం చేసిందనుకున్న పనిలో ఎక్కువ భాగం ఆ మూడూ చేసి ఉంటాయని నా నమ్మకం.

ఈ నమ్మకానికి నాకు బలమిచ్చింది విదేశీ పత్రికలు కాదు, మన ఊళ్లలో ఏటా కార్తీకంలో కళ్లముందు జరిగేది. రోజుకో పెట్టె కాల్చే మనిషి అయ్యప్ప మాల వేసుకుంటాడు. ఆ ఉదయం నుంచి ముట్టడు. మొదటి నాలుగైదు రోజులు తలనొప్పి, విసుగు ఉంటాయి. రెండు పూటలా చన్నీటి స్నానం, పూజ, భజన, ఒంటిపూట భోజనం, చాప మీద నిద్ర. 41 రోజులు గడిచిపోతాయి. ఏ గమ్మూ లేదు, ఏ మాత్రా లేదు. బెజవాడ కనకదుర్గమ్మ భవానీ దీక్ష తీసుకున్నవాళ్లదీ ఇదే కథ. రంజాన్ నెలలో పగలంతా బీడీ ముట్టని ముస్లిం సోదరులు, శ్రమల దినాల్లో మానే క్రైస్తవులు కూడా డెల్టాలో తక్కువేమీ లేరు. “నేను మానలేనండీ” అని డాక్టరు ముందు చేతులు ముడుచుకు కూర్చునే మనిషే ఏడాదికోసారి నలభై రోజులు మానేస్తున్నాడు!

దీక్షలో ఏం పనిచేస్తోందో చూడండి. నిర్ణయం అతనిదే, ఎవరూ బలవంతపెట్టలేదు. గురుస్వామి చేతుల మీదుగా, పదిమంది ఎదుట తీసుకున్నాడు. బట్టల రంగు మారింది. పిలుపు మారింది. నిన్నటిదాకా “ఏరా” అన్నవాడు ఈరోజు “స్వామీ” అంటాడు. బడ్డీ కొట్టతను డబ్బులు తీసుకుని అరటిపండ్లు ఇస్తాడే గాని సిగరెట్టు పెట్టె వైపు చెయ్యి చాపడు. టీ కొట్టు స్నేహితుడు పొగ పక్కకు వదులుతాడు. పొద్దున, సాయంత్రం ఒకే శరణుఘోష పదేపదే పలకడం, మనసును ఒక్కచోట నిలపడం, “నేనిప్పుడు స్వామిని” అన్న ఎరుక. హిప్నోథెరపిస్టు కుర్చీలో గంటసేపు కట్టాలని చూసేదంతా ఇక్కడ ఊరు ఊరంతా కలిసి నలభై రోజులు కడుతోంది. దీక్షను హిప్నాటిజం అనడం లేదు నేను. భక్తిని అలా కొలవకూడదు. రెండిట్లోనూ మనిషి తన గురించి తాను అనుకునే మాట మారుతోందని మాత్రం అంటున్నాను.

మరి నలభై రెండో రోజు ఏమవుతోంది? శబరిమల వెళ్లొచ్చి మాల తీశాక, చాలామంది ఆ వారంలోనే మళ్లీ వెలిగిస్తున్నారు. అప్పటికి ఒంట్లో నికోటిన్ బాకీ ఏమీ లేదు. తలనొప్పి, చిరాకు ఎప్పుడో పోయాయి. శరీరం అడగకపోయినా వెలిగిస్తున్నాడంటే అర్థం ఒకటే. అతను పొగ మానలేదు, దీక్ష గడువు వరకు ఆపుకున్నాడు. గడువు తీరింది, పిలుపు “ఏరా”కి తిరిగొచ్చింది, కొట్టతను చెయ్యి పెట్టె వైపు వెళ్లింది. ఆ వారంలో అతన్ని పలకరించి “ఎలా ఉంది, ముట్టలేదుగా?” అని అడిగే మనిషి ఒక్కరూ లేరు. కుర్చీలోంచి లేచి బస్సెక్కిన హిప్నోథెరపీ రోగిది కూడా ఇదే పరిస్థితి. కార్మొడీ పరీక్షలో 26 శాతం 20కి దిగినా, 18 శాతం 14కు దిగినా, దిగింది ఈ ఒంటరి నెలల్లోనే. మాల వేసుకునే ముందే “ఈసారి తీశాక కూడా ముట్టను” అని గురుస్వామికి చెప్పి, నిజంగానే ముట్టనివాళ్లూ ఉన్నారు. అలాంటివాళ్లను నేనెరుగుదును. దాదాపు అందరి వెనకా అడిగే మనిషి ఒకరు ఉన్నారు. ఎక్కువమందికి ఆ మనిషి కూతురు.

ఇన్ని తెలిశాక కూడా హిప్నోథెరపీ ప్రయత్నించాలనుకుంటే నేను వద్దనను. ఎవరి దగ్గర అన్నదే ముఖ్యం. 2003 నవంబరులో కేంద్ర ఆరోగ్య శాఖ ఇచ్చిన ఆదేశంలో, హిప్నోథెరపీని ఒక చికిత్సా విధానంగా రిజిస్టరైన వైద్యులు లేదా తగిన శిక్షణ పొందినవాళ్లు చేయవచ్చన్నారు. అది దాన్ని సొంత వైద్యవ్యవస్థగా గుర్తించినట్టు కాదు. వారాంతపు శిక్షణ ముగించి పేరు ముందు డాక్టర్ తగిలించుకునే వీలు ఆ ఆదేశం ఇవ్వలేదు. సైకియాట్రిస్టో, భారత పునరావాస మండలిలో రిజిస్టరైన క్లినికల్ సైకాలజిస్టో అయితే నిశ్చింత. వంద శాతం గ్యారంటీ అన్నా, ముందే మొత్తం ప్యాకేజీ కట్టమన్నా, పొగ అలవాటుకు మూలం గత జన్మలో ఉందని అక్కడికి తీసుకెళతామన్నా లేచి వచ్చేయాలి. లేని మాటలు వినబడే, భ్రమలు కలిగే తీవ్ర మానసిక జబ్బు ఉన్నవాళ్లకు ఇది చేయకూడదు. మూర్ఛ ఉన్నవాళ్లు తమ డాక్టరును అడగాలి.

పొగ ఏ పద్ధతిలో మానినా వర్తించే జాగ్రత్త ఒకటుంది, చాలామందికి తెలియదు. పొగ వల్ల కాలేయం కొన్ని మందులను త్వరగా ఖర్చు చేస్తుంది. మానేశాక అవే మోతాదులు ఒంట్లో ఎక్కువవుతాయి. ఆయాసానికి థియోఫిలిన్ వాడేవాళ్లు, మానసిక జబ్బులకు క్లోజపైన్, ఓలాంజపైన్ వాడేవాళ్లు మానే ముందు డాక్టరుకు చెప్పాలి.

పక్కాగా పనిచేస్తాయని తేలినవి మన మందుల షాపులోనే ఉన్నాయి. నికోటిన్ గమ్, పట్టీ లాంటివి వాడితే మానే అవకాశం సుమారు ఒకటిన్నర రెట్లవుతుంది. 2022 జాతీయ అత్యవసర మందుల జాబితాలో కూడా వీటిని చేర్చారు. 2 మిల్లీగ్రాముల గమ్ చీటీ లేకుండానే ఇస్తారు. కానీ దాన్ని కిళ్లీలా నమిలితే ఉపయోగం లేదు. గొంతు మండి, వెక్కిళ్లొచ్చి, పనికిరాదని పారేస్తారు. చురుక్కుమనేదాకా నాలుగుసార్లు నమిలి, చిగురుకూ బుగ్గకూ మధ్య పెట్టి వదిలేయాలి. చురుకు తగ్గాక మళ్లీ నమలాలి. టీ, కాఫీ, కూల్‌డ్రింకు తాగిన పావుగంట దాకా వేసుకోకూడదు, నికోటిన్ ఒంటికి పట్టదు. గంటకో టీ తాగే మనవాళ్లకు ఈ ఒక్క మాట ఎవరూ చెప్పరు. వరెనిక్లిన్, బుప్రోపియాన్ మాత్రలు డాక్టరు రాసి ఇవ్వాలి. 2024లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన మార్గదర్శకాల్లో సూచించినవాటిలో ఇవన్నీ ఉన్నాయి, మాటసాయంతో కలిపి.

మాటసాయం ఉచితంగా ఉంది. 1800-11-2356 జాతీయ క్విట్‌లైన్. 2016లో ఢిల్లీలో మొదలై, 2018లో బెంగళూరు నిమ్హాన్స్‌కూ విస్తరించింది. తెలుగులో మాట్లాడొచ్చు. మనం పారేసే ప్రతి సిగరెట్టు పెట్టె మీదా ఆ నంబరు అచ్చయి ఉంటుంది. మానాలని చూసినవాళ్లలో మూడింట రెండొంతులకు పైగా ఏ సాయమూ తీసుకోలేదని ఆ 2016-17 సర్వేలోనే ఉంది. విడి సిగరెట్టు కొనేవాడి చేతికి పెట్టె రాదు, నంబరూ రాదు. అతనికి ఎవరైనా చెప్పాలి.

ఇక ఒక పని మన జిల్లాలోనే చేయొచ్చు. బందరులో 2023 సెప్టెంబరులో ప్రభుత్వ వైద్య కళాశాల తెరిచారు. కార్తీకం రాకముందే ఆ కళాశాల వాళ్లు గుడివాడ, మొవ్వ, అవనిగడ్డ, కోడూరు వైపు ఆలయాల్లో మాల వేసుకోబోయే పొగరాయుళ్లను అడగాలి, మాల తీశాక కూడా మానే ఉద్దేశం ఉందా అని. ఉన్నవాళ్ల పేర్లు గురుస్వాముల సాయంతో రాసుకోవాలి. మాల తీసే వారం నుంచి అందరికీ క్రమం తప్పక ఫోను, కావలసినవాళ్లకు గమ్. అందులో సగం మందికి, చీటీ తీసి, అదనంగా శిక్షణ ఉన్న నిపుణుడి చేత రెండు మూడు సిట్టింగుల హిప్నోథెరపీ. ఆరు నెలలకు, ఏడాదికి ప్రతి ఒక్కరి చేతా కార్బన్ మోనాక్సైడ్ యంత్రంలో ఊదించాలి. ఆ యంత్రం చేతిలో ఇమిడేంత చిన్నది, జవాబు నిమిషంలో వస్తుంది, కనీసం ఆ పూట వెలిగించాడో లేదో చెప్పేస్తుంది. బందరు హిందూ కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పిన గోరా, తర్వాత ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టి, ఏ నమ్మకాన్నైనా జనం ఎదుటే పరీక్షకు పెట్టాలన్నాడు. ఆ పని ఇక్కడ ఆస్తికులూ గురుస్వాములూ కలిసి చేయొచ్చు. ఫలితం హిప్నాటిజం వైపు వస్తే దాన్ని ఏరియా ఆసుపత్రుల్లో ఉచితంగా పెట్టమని అడగొచ్చు. రాకపోతే ఆ డబ్బుతో గమ్ కొని, ఫోను చేసే నర్సులను ఇంకొంతమందిని వేసుకోవచ్చు.